గెలిస్తే నమ్మలేం, ఓడితే వదల్లేం: మన ఫుట్‌బాల్ టీమ్ ఎందుకిలా ఆడుతోంది?

2025 నవంబర్ 18 రాత్రి విజయవాడ వన్‌టౌన్‌లో ఇషా చదువుకుని పంజా సెంటర్ దగ్గర టీ కొట్టుకి వచ్చేసరికి అప్పటికే ఒక గోల్ పడిపోయింది. బిస్కెట్ల సీసాకి ఫోన్ ఆనించి నలుగురు చూస్తున్నారు. ఢాకాలో బంగ్లాదేశ్‌తో మన మ్యాచ్. కొట్టింది వాళ్లు. ఇంకా 75 నిమిషాలకి పైగా టైమ్ ఉంది కదా, ఒక్క గోల్ తిరిగి కొట్టలేరా అనుకుని నేనూ నిలబడ్డాను. రెండు టీలు అయిపోయాయి. స్కోర్ మారలేదు. 0-1తో ఓడిపోయాం. బంగ్లాదేశ్ మన మీద గెలిచి 22 ఏళ్లయింది, ఆ ముచ్చట కూడా తీరిపోయింది.

నాతో పాటు మా ఆపా కొడుకు ఉన్నాడు. పదమూడేళ్ల పిల్లాడు, రోజూ సాయంత్రం బంతి లేకపోతే అన్నం దిగదు వాడికి. ఇంటికి నడిచి వస్తుంటే అడిగాడు. "మామూ, మన టీమ్ మంచిదా, చెత్తదా? ఏదో ఒకటి చెప్పు."

వాడి కోపంలో న్యాయం ఉంది. 2025 సెప్టెంబర్‌లోనే కదా, తజికిస్తాన్‌లో జరిగిన టోర్నీలో ఒమన్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం తెచ్చుకున్నాం. మనకంటే ఎన్నో మెట్లు పైన ఉన్న టీమ్ అది. అక్టోబర్ 9న సింగపూర్‌లో సందేశ్ జింగన్‌కి రెడ్ కార్డ్ పడ్డాక రెండో హాఫ్ అంతా పది మందితో ఆడి, 90వ నిమిషంలో రహీం అలీ గోల్‌తో 1-1 చేశాం. సరిగ్గా అయిదు రోజుల తర్వాత, అదే సింగపూర్ గోవాకి వస్తే, ఛాంగ్తే దూరం నుంచి అద్భుతమైన గోల్ కొట్టి లీడ్ ఇచ్చాక 1-2తో ఓడిపోయాం. పది మందితో బయట నిలబడ్డ టీమ్ పదకొండు మందితో సొంత ఊళ్లో నిలబడలేకపోయింది. ఆ రాత్రితోనే 2027 ఏషియన్ కప్ ఆశ పోయింది.

ఆ కప్ సౌదీలో. ఈ మాట మన ఇళ్లల్లో ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. మా చాచా ఖోబర్‌లో ఉంటారు. కప్ మ్యాచ్‌లు జరిగే ఊళ్లల్లో అదొకటి. ఇరవై ఏళ్లుగా అక్కడ డ్రైవింగ్ చేస్తున్న మనిషి, ఇండియా జెర్సీ వేసుకుని స్టేడియంలో కూర్చుంటానని ఏడాది ముందే రూమ్‌లో అందరికీ చెప్పుకున్నారు. గ్రూప్‌లో నాలుగు టీమ్‌లు: మనం, హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. డ్రా తీసినప్పుడు ర్యాంకింగ్‌లో పైన ఉన్నది మనమే. మొదటి స్థానం ఒక్కటే టికెట్. ఆ టికెట్ దొరకలేదు.

రెండు పేజీల ఖాతా

నేను చదివింది బీకాం. ఆట గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు వన్‌టౌన్‌లోనే బోలెడు మంది ఉన్నారు. కానీ ఖాతా చూడటం నేర్పారు కాబట్టి పిల్లాడి ప్రశ్నకి జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

2023 మార్చి నుంచి జూలై దాకా ఇండియా వరసగా 11 మ్యాచ్‌లు ఆడింది. ఇంఫాల్‌లో రెండు, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో నాలుగు, బెంగళూరులో శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో అయిదు. ఒక్కటీ ఓడలేదు. 16 గోల్స్ కొట్టాం, 2 మాత్రమే ఇచ్చాం. ఫైనల్లో లెబనాన్‌ని 2-0తో, తర్వాత కువైట్‌ని షూటౌట్‌లో ఓడించి రెండు కప్పులు తెచ్చుకున్నాం. జూలైలో ఫిఫా ర్యాంకింగ్ 99కి చేరింది. వందలోపు! మేమంతా పిచ్చివాళ్లయిపోయాం అప్పుడు.

ఇప్పుడు 2024 పేజీ తిప్పండి. ఆ ఏడాది మొత్తం ఆడింది కూడా 11 మ్యాచ్‌లే. గెలుపులు సున్నా. 6 ఓటములు, 5 డ్రాలు. కొట్టిన గోల్స్ 4, ఇచ్చినవి 15. జనవరిలో ఖతర్‌లో జరిగిన ఏషియన్ కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లలో ఒక్క గోల్ లేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ వచ్చి 2-1తో గెలిచి వెళ్లింది. సునీల్ ఛెత్రీకి అది 150వ మ్యాచ్. పాపం, మన గోల్ కూడా ఆయన కొట్టిన పెనాల్టీయే.

ఈ రెండు పేజీలు పక్కపక్కన పెడితే చాలామంది మొదట అనేది ఏంటంటే, "2023లో అన్నీ సొంత గడ్డ మీద ఆడారు, అందుకే గెలిచారు." సగం నిజం. ఆ 11 మ్యాచ్‌లూ ఇండియాలోనే జరిగాయి, నిజమే. కానీ 2024లో కూడా అయిదు మ్యాచ్‌లు ఇక్కడే ఆడాం: గువాహటి, కోల్‌కతా, హైదరాబాద్‌లో మూడు. వాటిలోనూ గెలుపు లేదు. మారిషస్‌తో 0-0! కాబట్టి సొంత గడ్డ ఒక్కటే కారణం అంటే ఖాతా కుదరదు.

ఇంకో వరస చూడండి. 2023లో ఆ 16 గోల్స్‌లో 8 ఛెత్రీవే. సగానికి సగం ఒక్క మనిషి. శాఫ్‌లో 5 గోల్స్‌తో టాప్ ఆయనే, అప్పటికి వయసు 38. 2024లో వచ్చిన నాలుగు గోల్స్‌లో ఒకటి ఆయన పెనాల్టీ, ఒకటి డిఫెండర్ రాహుల్ భేకే తల పెట్టి కొట్టింది. ఆడుతూ ఆడుతూ ఫార్వర్డ్‌లు కొట్టినవి రెండంటే రెండే. ఒకే పెద్ద ఖాతాదారు మీద నడిచే దుకాణం, ఆయన రావడం తగ్గించగానే ఎలా ఉంటుందో అలా ఉంది మన టీమ్. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 ఆడి ఆయన రిటైర్ అయ్యారు. 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో తిరిగి పిలిపించారు. వచ్చీ రాగానే మాల్దీవుల మీద గోల్ కొట్టారు. అది చూసి అందరూ చప్పట్లు కొట్టారు గానీ నాకు భయమేసింది. ఇంట్లో రిటైరైన తాతని మళ్లీ పనికి పంపిస్తే ఇల్లు గడుస్తుందేమో, అంతమాత్రాన ఇల్లు బాగున్నట్టు కాదు కదా.

గోల్ కొట్టేవాడు ఎందుకు దొరకడం లేదు?

దీనికి జవాబు క్లబ్‌లలో ఉంది. ఐఎస్ఎల్‌లో ఒక్కో క్లబ్ తరఫున నలుగురు విదేశీయులు ఒకేసారి గ్రౌండ్‌లో ఉండొచ్చు. డబ్బు పెట్టి బయట నుంచి తెచ్చినవాడిని ఏ కోచ్ అయినా ఎక్కడ పెడతాడు? గోల్ దగ్గరే పెడతాడు. 2014లో లీగ్ మొదలైనప్పటి నుంచి ప్రతి సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినందుకు ఇచ్చే గోల్డెన్ బూట్ విదేశీ ఆటగాడికే వెళ్లింది. ఒక్కసారి కూడా ఇండియన్‌కి రాలేదు. 2024-25 సీజన్‌లో ఇండియన్లలో టాప్ ఎవరంటే మళ్లీ ఛెత్రీయే, 14 గోల్స్. నలభై ఏళ్ల మనిషి! ఇరవై రెండేళ్ల కుర్రాడికి క్లబ్‌లో వింగ్ మీద పరుగెత్తే పని, లేదంటే బెంచీ. అతన్నే ఇండియా జెర్సీ వేసి మధ్యలో నిలబెట్టి కొట్టమంటే ఎలా కొడతాడు? వారం వారం చెయ్యని పని ఏడాదికి పదిసార్లు బాగా చెయ్యమంటున్నాం.

మన డిఫెన్స్, గోల్‌కీపింగ్ ఫర్వాలేదు, ఎందుకంటే ఆ చోట్ల మనవాళ్లకి రోజూ పని దొరుకుతోంది. అందుకే మన మ్యాచ్‌లన్నీ ఒకే సినిమాలా ఉంటాయి. ఆస్ట్రేలియా మీద హాఫ్‌టైమ్ దాకా 0-0 ఆపాం. చాయ్ తాగుతూ ఆశ పెంచుకున్నాం. తర్వాత ఒక తప్పు, ఒక గోల్. తిరిగి కొట్టే శక్తి లేదు కాబట్టి ఆ ఒక్క తప్పు మ్యాచ్‌నే తినేస్తుంది. వేరే టీమ్‌లు కూడా తప్పులు చేస్తాయి, కానీ ఇంకో గోల్ కొట్టి దాన్ని పూడ్చేస్తాయి. మనకి ఆ వెసులుబాటు లేదు. బయట నుంచి చూసేవాళ్లకి ఇది "ఒక రోజు బాగా, ఒక రోజు ఘోరంగా" లాగా కనిపిస్తుంది. నాకైతే ఆట పెద్దగా మారినట్టు అనిపించదు. అదే ఆట, తప్పు జరగని రోజు డ్రా లేదా షూటౌట్ గెలుపు, జరిగిన రోజు ఓటమి.

దీన్ని నేను కళ్లారా చూశాను. 2024లో కూడా నవంబర్ 18నే, గచ్చిబౌలిలో మలేసియాతో మ్యాచ్. పొద్దున్నే శాతవాహన ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాం, నేనూ ఇద్దరు ఫ్రెండ్స్. 19వ నిమిషంలో గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకు ఉరికొచ్చాడు, బంతి అందలేదు, ఖాళీ గోల్‌లోకి మలేసియా వాడు తీరిగ్గా తోశాడు. స్టేడియం అంతా ఒక్కసారి నిశ్శబ్దం. 39వ నిమిషంలో కార్నర్ నుంచి భేకే తలతో సమం చేశాడు. ఇక అంతే. మిగతా ఆటంతా బంతి మన కాళ్ల దగ్గరే ఎక్కువగా ఉన్నట్టు అనిపించింది, గోల్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. టికెట్ డబ్బుల గురించి కాదు. ఓడిపోయి ఉంటే తిట్టుకునేవాళ్లం, గెలిచి ఉంటే అరిచేవాళ్లం, ఈ 1-1ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ర్యాంకింగ్ ఎలా పడిపోతుందంటే

మొన్న మా అబ్బా పేపర్ చూసి "99 నుంచి 142కి ఎలా వచ్చార్రా, అన్ని మ్యాచ్‌లు ఓడలేదుగా?" అన్నారు. మంచి ప్రశ్న. ఫిఫా లెక్క 2018 నుంచి ఇలా నడుస్తోంది. ప్రతి టీమ్‌కి పాయింట్లుంటాయి. మ్యాచ్‌కి ముందే, రెండు టీమ్‌ల పాయింట్ల తేడా చూసి, ఎవరికి గెలిచే అవకాశం ఎంతో ఒక అంచనా కడతారు. అంచనా కంటే బాగా ఆడితే పాయింట్లు కలుస్తాయి, తక్కువ ఆడితే పోతాయి. మామూలు ఫ్రెండ్లీకి విలువ 10, క్వాలిఫయర్‌కి 25, ఏషియన్ కప్ గ్రూప్ మ్యాచ్‌కి 35.

మనకంటే 100 పాయింట్లు తక్కువున్న టీమ్‌తో క్వాలిఫయర్ ఆడుతున్నాం అనుకోండి. గెలిస్తే మనకి వచ్చేది సుమారు 10 పాయింట్లు. ఓడితే పోయేది సుమారు 15. డ్రా చేసినా రెండున్నర దాకా పోతాయి! చిన్న దుకాణదారుకి అప్పు ఇచ్చినట్టే. వసూలైతే కొంచెం వడ్డీ, మునిగితే అసలు పోతుంది. 2025 క్వాలిఫయర్స్‌లో మనం చేసింది అదే. మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, జూన్ 10న హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీతో 0-1, తర్వాత సింగపూర్, ఢాకా. మనకంటే కింద ఉన్నవాళ్లకి మన పాయింట్లు మన చేత్తోనే పంచిపెట్టాం.

పైగా ఆ కిందవాళ్లు నిలబడి లేరు. బంగ్లాదేశ్ తరఫున షిల్లాంగ్‌లో హంజా చౌధురీ దిగాడు. ఇంగ్లండ్‌లో పుట్టి, లెస్టర్ సిటీకి ఆడినవాడు. వాళ్ల నియమాల ప్రకారం అలాంటివాళ్లు సొంత పాస్‌పోర్ట్ తీసుకుని ఆడొచ్చు. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి విదేశీ పాస్‌పోర్ట్ వదులుకుంటే తప్ప ఆడలేరు. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ 2025లో వదులుకుని ఇండియా పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, ఢాకాకి ముందు క్యాంప్‌లో చేరాడు, కానీ ఆస్ట్రేలియా సంఘం నుంచి కాగితం అందక ఆ మ్యాచ్‌లో దిగలేదు. కాగితం దగ్గర ఆగిపోవడం మనకి కొత్త కాదు లెండి.

రహీం సాబ్ రోజుల్లో కూడా

పాతవాళ్లు దీనికి ఒకే మాట అంటారు: "రహీం సాబ్ ఉన్నప్పుడు ఇలా ఉండేదా?" మా నానా రైల్వేలో పనిచేశారు, ఆయనకి ఇది ఊతపదం. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ టీచర్‌గా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారుచేసి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిపించినాయన. తర్వాత ఇండియా కోచ్. అజయ్ దేవగన్ "మైదాన్" సినిమా వచ్చాక మన పిల్లలకీ తెలిసింది.

నానా మాట కాదనలేను గానీ, ఖాతా తీస్తే అప్పుడూ ఎత్తుపల్లాలే. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ బలరాం, అందరూ మన గడ్డ మీద ఆడి పెరిగినవాళ్లే ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. ఏడాది తిరక్కుండా, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

అంటే తేడా ఎక్కడుంది? ఓడటంలో లేదు. హెల్సింకి దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆట పద్ధతి మారింది. కోచ్ అదే, టీమ్‌కి వెనకాల ఆటగాళ్లని తయారుచేసే ఊరు అదే. హైదరాబాద్ 1956-57, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్, ముందు వరసలో మొహమ్మద్ హబీబ్. ఒకాయన పోతే ఇంకొకాయన వచ్చేవాడు. ఇప్పుడు ఒక ఛెత్రీ వెళ్తే వెనకాల క్యూ లేదు.

ఆ ఊరి సంగతి కూడా చెప్పాలి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది, కోచ్ మనోలో మార్కెజ్. రెండేళ్లు తిరిగేసరికి జీతాల గొడవలు, ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్ పేరు మారి ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇటు కృష్ణా, గుంటూరు వైపు చూస్తే పెద్ద లీగ్‌లో ఆడే క్లబ్ అసలు లేనే లేదు. విశాఖ పేరుతో మొదలైన శ్రీనిధి కూడా హైదరాబాద్‌లోనే ఆడుతోంది.

కోచ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే జనం దీన్నే ఎక్కువ పట్టుకుంటారు, నాకేమో ఇది రెండో కారణమే. 2024 జూన్‌లో స్టిమాచ్‌ని తీసేశారు. మార్కెజ్ గోవా క్లబ్‌నీ ఇండియానీ ఒకేసారి చూసుకుంటూ ఏడాది ఉండి వెళ్లారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు, 13 ఏళ్ల తర్వాత ఒక ఇండియన్ కోచ్. 2017లో చిన్న ఐజాల్ క్లబ్‌తో ఐ-లీగ్ గెలిచినాయన. ఒమన్ మీద గెలిచినప్పుడు మోహన్ బగాన్ తన ఆటగాళ్లని పంపనే లేదు, ఛెత్రీ కూడా లేడు, ఉన్నవాళ్లతోనే సాధించారు. ఆ తర్వాత సింగపూర్, ఢాకా. ఆయన్ని అప్పుడు ఎత్తేసినవాళ్లే ఇప్పుడు దించేస్తున్నారు. రెండూ తొందరే అని నా అభిప్రాయం. అసలు ఢాకా మ్యాచ్ నాటికి ఆ సీజన్ ఐఎస్ఎల్ మొదలే కాలేదు. లీగ్ నడిపే కంపెనీతో ఒప్పందం 2025 డిసెంబర్ 8తో ముగియాల్సి ఉండింది, కొత్త టెండర్‌కి అప్పటికి ఒక్కరూ ముందుకు రాలేదు. మ్యాచ్‌లు లేని ఆటగాళ్లతో ఏ కోచ్ ఏం చేస్తాడు?

ఇదే సమయంలో అమ్మాయిలు 2025 జూలై 5న థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి 2026 ఏషియన్ కప్‌కి వెళ్లారు. నిజామాబాద్ సౌమ్య గుగులోత్ ఆ టీమ్‌లోనే ఉంది. టీ కొట్టు దగ్గర ఆ రాత్రి ఫోన్ ఎవరూ పెట్టలేదు, నాతో సహా.

ఇదంతా పిల్లాడికి చెప్పానా? సగం చెప్పాను. ఇంట్లో ఇంకో చర్చ నడుస్తోంది. బయటి ఊళ్లో ఒక అకాడమీ సెలెక్షన్‌కి వాణ్ని పంపాలా వద్దా అని ఆపా అడుగుతోంది. బావగారికి ఇష్టం లేదు. "లీగే లేదంటున్నావ్, మరి వాడు ఏం ఆడి బతుకుతాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఏ పొజిషన్‌లో ఆడతావురా అని వాణ్ని అడిగితే "ఫార్వర్డ్" అన్నాడు. ఎడమ కాలితో కొట్టడం ఇంకా రాదు, ఆదివారం పొద్దున్నే గోడకి కొట్టుకుంటూ నేర్చుకుంటున్నాడు.

అప్పటి షెడ్యూల్ ప్రకారం 2026 మార్చి 31న హాంకాంగ్ ఇక్కడికి రావాలి. గ్రూప్‌లో చివరి మ్యాచ్, కప్‌కి దానితో సంబంధం లేదు, పాయింట్ల విలువ మాత్రం 25 అలాగే ఉంటుంది. ఈద్ అయిన పది రోజులకి పడుతుంది. మ్యాచ్ ఇషాకి ముందా తర్వాతా అని వాడు అప్పుడే అడగడం మొదలుపెట్టాడు.